పులస బేరం

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, యానాం, నరసాపురం, రావులపాలెం వైపు ఒకటే ఎదురుచూపు. సముద్రంలో విలసగా తిరిగే చేప వరద నీటిని పసిగట్టి గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఎదురీదుతుంది. నదిలోకొచ్చాక దాని పేరు పులస. తొలి చేప వలలో పడితే మర్నాడు పేపర్లో వార్త. యానాం వేలంలో ఒక్క చేప ఇరవై వేల రూపాయలు దాటిన రోజులున్నాయి. మట్టి దాకలో, కట్టెల మంట మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి, పైన ఆవకాయ నూనె పోసి, ఒక రాత్రి ఊరనిచ్చి మర్నాడు తినే ఆ కూర కోసం పుస్తెలమ్మినా తప్పులేదని సామెతే పుట్టింది.

ఈ సంబరంలో ఒక విషయం మరుగున పడిపోతుంది. పులస నదిలోకి వచ్చేది గుడ్లు పెట్టడానికి. శన నిండిన ఆడ చేపకు రేటు ఇంకా ఎక్కువ. జనం పోటీపడి కొనేది ఇంకా గుడ్లు విడవని తల్లి చేపను.

పులసకు కష్టకాలం ఈనాడు మొదలైంది కాదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు పూర్తి చేశాడు. డెల్టా పంటలతో నిండింది, కరువు తీరింది. ఆ మేలును గోదావరి జిల్లాలు ఇప్పటికీ విగ్రహాలు పెట్టి తలుచుకుంటాయి. కానీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా లేచిన ఆ కట్టలు ఎదురీదే చేపకూ అడ్డే. ఇలాంటి కట్టల కింద చేపలు పోగుపడటం, వాటిని ఇష్టమొచ్చినట్టు పట్టేయడం గురించి మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి మత్స్యశాఖ అధికారి అయిన ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే హెచ్చరించాడు. చేపలు ఎక్కిపోవడానికి మెట్లు కట్టాలని వాదించాడు. 1897 నాటి మత్స్య చట్టం మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని నిషేధించింది. దాని చూపంతా పట్టేవాడి మీదే.

కట్ట ఎంత పని చేస్తుందో గంగ మీద ఇంకా స్పష్టంగా కనబడింది. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాదు దాటి పోయిన ఇలిష్ ఎగువ గంగలో దాదాపు కనుమరుగైంది. ఇలిష్ అన్నా పులస అన్నా ఒకే జాతి.

కట్టలు పగలగొట్టమని ఎవరూ అడగలేరు. మరి కొనేవాళ్ళ చేతిలో ఏముంది? దీనికి జవాబు బెంగాలీ వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. తూర్పు బెంగాలు మూలాలున్న చాలా ఇళ్ళలో దసరా వెళ్ళాక, కొన్నిచోట్ల లక్ష్మీపూజ వెళ్ళాక, ఇలిష్ ఇంటికి తేరు. మళ్ళీ మాఘమాసంలో శ్రీపంచమి నాడు, సరస్వతీపూజకు, జోడు చేపలు తెచ్చి సిందూరం పెట్టి వండుతారు. ఆ లక్ష్మీపూజ ఆశ్వయుజ పున్నమికి వస్తుంది. ఇలిష్ ముమ్మరంగా గుడ్లు పెట్టేదీ ఆ పున్నమి చుట్టూనే. తర్వాతి నెలలు పిల్లచేపలు ఎదిగే కాలం. ఈ ఆచారం పెట్టినవాళ్ళు ఏ లెక్కతో పెట్టారో గానీ, చేపకు ఊపిరి తీసుకునే వ్యవధి మాత్రం దొరికింది. చట్టం లేదు, జరిమానా లేదు. ఇంటి పెద్దలు వద్దన్నారు, బజారులో గిరాకీ పడిపోయింది.

బంగ్లాదేశ్ అదే పున్నమిని చట్టంలోకి తెచ్చింది. ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిష్ పట్టడమే కాదు, రవాణా చేసినా, నిల్వ పెట్టినా, అమ్మినా నేరమే. ఏటా నవంబరు నుంచి జూన్ దాకా ‘జాట్కా’ అనే పిల్ల ఇలిష్‌ను ముట్టుకోకూడదు. ఊరికే నిషేధించి వదిలేయలేదు. జాట్కా కాలంలో నాలుగు నెలలు మత్స్యకార కుటుంబాలకు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చే పథకం పెట్టారు. 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గరున్న ఇలిష్ ఉత్పత్తి 2017-18కి ఐదు లక్షల టన్నులు దాటింది. ఇటీవల మళ్ళీ కొంత తగ్గినా, ఆ పెరుగుదల మామూలుది కాదు. పశ్చిమ బెంగాల్ కూడా 2013లో 23 సెంటీమీటర్లకు తగ్గిన ఇలిష్ పట్టడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. అయినా కోల్‌కతా బజార్లలో చిన్న చేప ఇంకా కనబడుతూనే ఉంది. చవగ్గా వస్తుందని కొనేవాళ్ళున్నారు మరి.

తూర్పు తీరంలో మరబోట్ల వేటకు 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజుల విరామం ఉంది. ఆ రోజుల్లో ఆంధ్ర ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తుంది. ఎన్నో సముద్ర జాతులకు మేలు చేసే ఏర్పాటే గానీ, పులస ఎదురీతకు అది కలిసిరాదు. జూన్ 14తో గడువు తీరుతుంది, ఆ తర్వాతే ఎర్రనీరు వస్తుంది.

గిరాకీ పెరిగేకొద్దీ మోసమూ పెరిగింది. ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి ఐసులో వచ్చిన విలసను పులసగా అంటగట్టడం గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిన సంగతే. ‘ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు’ అని కొనేవాళ్ళు గట్టిగా అడిగితే రెండు పనులు జరుగుతాయి: డబ్బు నిజంగా నదిలో పడవ వేసినవాడికి చేరుతుంది, దొంగ సరుకుకు దారి మూసుకుంటుంది. జానెడు చేపను తట్టలో చూసినప్పుడు బేరం చేయకుండా ముందుకు నడవడం, శన కోసం పట్టుబట్టకపోవడం, వేట విరామంలో పీతో, చెరువు చేపో, ఎండుచేపో వండుకోవడం ఏ ఇల్లాలికైనా సాధ్యమే. ధవళేశ్వరం కట్ట మీద ఆమెకు అధికారం లేదు. రావులపాలెం వంతెన దగ్గర తట్ట ముందు నిలబడినప్పుడు మాత్రం ఏ చేప కొనాలో, ఏది వదిలేయాలో తేల్చేది ఆమే.