'అన్వేషిత'కి ముందు మణిసిద్ధుడు

1990ల చివర్లో ఈటీవీలో వచ్చిన 'అన్వేషిత' గుర్తుందా? అచ్యుత్, యమున నటించిన మిస్టరీ సీరియల్. ఇంటిల్లిపాదినీ ఒకేచోట కూర్చోబెట్టి భయపెట్టింది. అయితే మనవాళ్ళకి ఈ ఉత్కంఠ 1995లో ఈటీవీతో పుట్టింది కాదు.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' తీసుకోండి. కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడికి తోడు కావాలి. పశువులు కాసే కుర్రాడు వస్తానన్నాడు, కానీ ఒక షరతు: ప్రతి మజిలీలో తనకి కనబడ్డ వింత వెనక కథేంటో చెప్పాలి. ఆ ప్రశ్నలే ఇద్దర్నీ నడిపించాయి. సీరియల్ చేసిందీ అదే పని.

ఇక్కడ బెళ్ళందూరులో మన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఓ కథ మొదలుపెట్టి సగంలో ఆపి చూడండి. "తర్వాతేమైంది?" అని వాళ్ళు తెలుగులో అడిగితే చాలు. ఊరు దాటొచ్చిన భాషకి ఆ ప్రశ్నే దారిబత్తెం.