ఉస్తాద్ పేరు, షాగిర్ద్ ధున్

మా అబ్బాజాన్‌కి ఇంగ్లీషు రాదు. అయినా రాత్రి భోజనాలయ్యాక పాత రేడియో ముందు కూర్చుని, ముల్లు మెల్లగా తిప్పుతూ వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకునేవారు. అందులో విల్లిస్ కానోవర్ జాజ్ సంగీతం వినిపించేవాడు. పరాయి దేశాల వాళ్ల కోసం ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా పలికేవాడు కాబట్టి, పేర్లు మాత్రం అబ్బాకి అందేవి. కార్యక్రమం మొదట్లో రోజూ ఒకటే ధున్. పియానో గబగబా మెట్లు దిగినట్టు మొదలై, వెనకాల బాకాలన్నీ అందుకునేవి. "ఇది డ్యూక్ ఎలింగ్టన్ సాబ్‌ది" అని అబ్బా మాకు గర్వంగా చెప్పేవారు.

ఆ ధున్ ఎలింగ్టన్ సాబ్ కట్టింది కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి చెబుదామంటే అబ్బా లేరు.

ఎలింగ్టన్ 1899లో వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి పెద్దవాళ్ల ఇళ్లలో బట్లర్‌గా పనిచేసేవాడు. 1927 డిసెంబరులో న్యూయార్క్ హార్లెంలోని కాటన్ క్లబ్‌లో ఎలింగ్టన్ బ్యాండుకి నౌకరీ దొరికింది. అక్కడి జుల్మ్ చూడండి: వాయించేవాళ్లు, ఆడేవాళ్లు నల్లవాళ్లు, కూర్చుని వినే హక్కు మాత్రం తెల్లవాళ్లది. అక్కణ్ణించే రేడియో ఆయన పేరుని దేశమంతా మోసుకెళ్లింది. 1930లలో దక్షిణాది రాష్ట్రాల్లో కచేరీలకు వెళితే నల్లవాళ్లకు హోటళ్లలో గది ఇచ్చేవారు కాదు. ఆయన రైలు పెట్టెలే కిరాయికి తీసుకుని, అందులోనే బ్యాండుని పడుకోబెట్టి, అందులోనే తినిపించేవాడు. ఎవరి గడప ముందూ చెయ్యి చాచకుండా ఇజ్జత్‌తో సఫర్ చేయించాడు.

స్వింగ్ జమానాలో పెద్ద బ్యాండులు చాలా ఉండేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఖర్చులు భరించలేక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎలింగ్టన్ మాత్రం పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బు పోసి బ్యాండుని నిలబెట్టుకున్నాడు. ఎందుకంటే ఆయన అసలు వాద్యం పియానో కాదు, ఆ బ్యాండే. రాసిన కాగితాల మీద వాద్యం పేరు బదులు మనిషి పేరు పెట్టేవాడు. ఈ వరుస కూటీ విలియమ్స్ ట్రంపెట్‌కి, ఈ వరుస జానీ హాడ్జెస్ శాక్సోఫోన్‌కి అని ఎవరి గొంతు ఎలాంటిదో తెలుసుకుని రాసేవాడు. హ్యారీ కార్నీ 1927లో చేరి, ఉస్తాద్ పోయేదాకా ఆ కుర్చీ వదల్లేదు. ఆయన విరాసత్ ఏమిటని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే: గుంపులో ఒక్కో మనిషిని గుర్తుపట్టే హునర్.

కానీ ఇందులోనే ఒక చిక్కు ఉంది. మన ఖవ్వాలీ క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. పైన ఒక పేరు, పక్కన "అండ్ పార్టీ". చప్పట్లు కొట్టి, తాన్ అందుకుని, గొంతు చించుకున్న హమ్‌నవాలంతా ఆ "పార్టీ"లో కలిసిపోతారు. అక్కడా అంతే.

1938 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో 23 ఏళ్ల కుర్రాడు ఆయన్ని కలిశాడు. మందుల షాపులో పనిచేసే బిల్లీ స్ట్రేహార్న్. వాయించి చూపించగానే ఎలింగ్టన్‌కి నచ్చేశాడు. హార్లెంలోని తన ఇంటికి ఏ రైలెక్కి రావాలో ఆయన చెప్పాడు. ఆ రైలు మీదే స్ట్రేహార్న్ కట్టిన ధున్ "టేక్ ది ఏ ట్రైన్". 1941లో రాయల్టీ తగాదా వల్ల ఎలింగ్టన్ సొంత పాటలు రేడియోలో వాయించడానికి వీల్లేకపోయింది. అప్పుడు షాగిర్ద్ ధున్ బ్యాండుకి నిశానీ అయింది. మా అబ్బా రోజూ విన్నది అదే.

1963లో అమెరికా ప్రభుత్వం తరఫున ఈ బ్యాండు డమాస్కస్‌లో మొదలుపెట్టి అమ్మాన్, కాబూల్, ఢిల్లీ, మద్రాసు, లాహోర్, ఇస్ఫహాన్, బాగ్దాద్ దాకా తిరిగింది. టర్కీలో ఉండగా కెనెడీ హత్య ఖబర్ రావడంతో సఫర్ ఆగిపోయింది. ఆ జ్ఞాపకాలతో "ఫార్ ఈస్ట్ సూట్" రికార్డు చేశారు. అందులో అందరికీ ఇష్టమైనది "ఇస్ఫహాన్". హాడ్జెస్ శాక్సోఫోన్ మీద వాయిస్తుంటే మసీదుల నీలి గుంబజాలు కళ్లకు కట్టినట్టే ఉంటుంది. తీరా చూస్తే స్ట్రేహార్న్ ఆ ధున్‌ని ఇస్ఫహాన్ చూడకముందే, వేరే పేరుతో కట్టాడు. పేరు తర్వాత మార్చారు. పేరు మన కళ్లతో ఎలా ఆడుకుంటుందో అప్పుడు నాకు అర్థమైంది.

నాఇన్సాఫీ ఎలింగ్టన్‌కీ జరిగింది. 1965లో పులిట్జర్ సంగీత కమిటీ ఆయనకు ప్రత్యేక గౌరవం ఇమ్మని సిఫారసు చేస్తే, పైనున్న బోర్డు కాదంది. చివరికి 1999లో, పుట్టి నూరేళ్లయ్యాక ఇచ్చారు. ఆయన పోయి అప్పటికి పాతికేళ్లు.

మరి షాగిర్ద్‌కి? 1967 మేలో స్ట్రేహార్న్ కాన్సర్‌తో చనిపోయాడు. కొద్ది నెలల్లోనే ఉస్తాద్ ఒక రికార్డు చేశాడు. అన్నీ స్ట్రేహార్న్ కట్టినవే. పని అయిపోయింది, వాయించినవాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. ఎలింగ్టన్ ఒక్కడే పియానో ముందు కూర్చుని, షాగిర్ద్ కట్టిన "లోటస్ బ్లాసమ్" వాయించడం మొదలుపెట్టాడు. అది కూడా రికార్డయింది. వెనకాల మాటలు, సామాన్ల చప్పుడు వినిపిస్తూ ఉంటాయి. మెల్లమెల్లగా అవి సద్దుమణుగుతాయి. చివరికి పియానో ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు ఆ బ్యాండు కాగితాలు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో అమానత్‌గా ఉన్నాయి. చేతిరాత పోల్చి చూసి, ఏది ఎవరి కలం నుంచి వచ్చిందో పరిశోధకులు చాలావరకు తేల్చారు. హక్కు ఆలస్యంగానైనా హక్‌దార్‌కి చేరుతోంది.

మన ఇళ్లలోనూ ఇలాంటి కాగితాలు ఉంటాయి. దాదా పేరు మీద నడిచిన దుకాణం వెనక ఒక చాచా చెమట, దావత్‌లో అందరూ మెచ్చుకున్న బిర్యానీ వెనక పేరు అడగని ఒక ఫుప్పు చెయ్యి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.

ఆ ధున్ ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో వింటాడు. ఎవరిదని అడిగితే నేను రెండు పేర్లూ చెబుతాను.