పెంకు పుట్టినూరు

1944లో మద్రాసు మ్యూజియం బీరువాలో మార్టిమర్ వీలర్ కంట ఒక మట్టిజాడీ మెడ పడింది. పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా అప్పుడే ఇండియాకు వచ్చిన ఆయన, అది మధ్యధరా తీరపు ‘ఆంఫోరా’దని ఇట్టే పోల్చుకున్నాడు. దొరికిన చోటు పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు. మరుసటి ఏడాదే అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు.

ఆంఫోరాకు రెండు చెవులు, సన్నని మెడ, మొనదేలిన అడుగు ఉంటాయి. ద్రాక్షసారా, ఆలివ్ నూనె వంటివి ఓడల్లో వీటిలోనే వెళ్లేవి. సారా జాడీ అయితే కారిపోకుండా లోపల చెట్టుజిగురు పూసేవారు. అరికమేడులో దొరికిన కొన్ని చెవులు రెండు మట్టికడ్డీలు పక్కపక్కన అతికించినట్టుంటాయి. గ్రీకు దీవి కోస్‌లో పుట్టిన తీరు అది. ఇటలీ కుమ్మరులూ దాన్ని అనుకరించారు కాబట్టి రూపం ఒక్కటే చాలదు, మన్నును చూడాలి. విరిగిన అంచును భూతద్దం కింద పెట్టినప్పుడు నల్లటి ఇసుక రేణువులు కనిపిస్తే, అది ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం ఉన్న కాంపానియా సరుకని అర్థం.

ఆ జాడీలు అలెగ్జాండ్రియాలో దిగి, నైలు నది మీద కోప్టోస్ చేరి, ఒంటెల మీద ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవు బెరనికేకు వచ్చేవి. జులైలో ఓడలెక్కితే నైరుతి గాలి వాటిని మన పడమటి తీరానికి తోసేది. ఆ తీరపు రేవు భరుకచ్ఛంలో ఇటలీ సారాకే గిరాకీ ఎక్కువని 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ చెబుతుంది. అదే తీరంలోని ముచిరి రేవు నుంచి తిరుగు ఓడల్లో మిరియాలు వెళ్లేవి.

అరికమేడులోనే నున్నటి బూడిదరంగు పళ్లేలూ దొరికాయి. లోపల అడుగున చుట్టూ చుక్కల వరసలుంటాయి. ఈ ‘రౌలెటెడ్’ పళ్లేలూ మధ్యధరా నుంచే వచ్చాయని వీలర్ అనుకున్నాడు. తర్వాత అవి అమరావతిలో, శాలిహుండంలో, బెంగాల్‌లో, శ్రీలంకలో, చివరికి బాలి దీవిలోని సెంబిరాన్‌లోనూ బయటపడ్డాయి. మన్నును ప్రయోగశాలలో పరీక్షిస్తే తేలిందేమిటంటే, అవి ఇక్కడి కుమ్మరుల పనే. బెరనికేలో దొరికిన ఇలాంటి పళ్లేలూ మన దగ్గర్నుంచి వెళ్లినవే.

మన దేశంలో దొరికి, రోమన్ అని చీటీ అంటించిన జాడీలకూ ఇదే గతి పట్టింది. కుండపెంకుల నిపుణురాలు రాబర్టా టాంబర్ మళ్లీ పరిశీలిస్తే, వాటిలో చాలా పెంకులకు లోపల నల్లటి తారు పూత ఉంది. అవి చెవుల్లేని పొడవాటి ‘టార్పెడో’ జాడీలు, పర్షియా గల్ఫ్ వైపువి. అంటే ఆ రేవుల్లో బేరం రోమ్ ఒక్కదానితోనే సాగలేదు. గల్ఫ్ నుంచీ సరుకు దిగేది, మన సరుకు తూర్పున బాలి దాకా వెళ్లేది.