భూగోళము – ప్రమాణ విచారము

గత ఉగాదినాటి సాయంకాలము భిలాయి సెక్టర్ 6లో మన తెలుగువారు కొందఱొకచోట కూడియుండిరి. పంచాంగ శ్రవణము ముగిసినది. ప్రసాదము పంచిపెట్టుచుండగా, కళాశాలలో చదువుచున్న మా పొరుగింటి బాలుడు నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "బాబాయిగారూ! భూమి గుండ్రముగా నున్నదని మీ రెట్లు చెప్పగలరు? మీరు చూచితిరా?" అని యడిగెను. భూమి బల్లపరుపుగా నున్నదని వాదించు ప్రసంగమొకటి అతడు తన ఫోనులో వినియుండెను. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములు కలవు గదా యంటిని. "చిత్రములను కల్పింపవచ్చును" అనెను. ఇంతలో అతని తండ్రి విని, "పెద్దలతో వాదమేమిరా? పుస్తకములలో నున్నది చదువుకొనుము" అని గద్దించెను. బాలుడు తలవంచుకొని వెడలిపోయెను. అందఱును నవ్విరి, నేనును నవ్వితిని.

కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దస్త్రములతో కాలము గడుపువాడను నేను. "అని తెలియవచ్చుచున్నది" అని యెవరైన వ్రాసి తెచ్చినచో, "ఆధారమేది? జతపఱచుడు" అని ప్రక్కన వ్రాయుట నాకు నిత్యకృత్యము. ఆ ప్రశ్ననే బాలుడు నన్నడుగగా, జతపఱచుటకు నాకడ కాగితమొక్కటియు లేకపోయెను. చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్నవాడనగుటచే ఖగోళ గణితము నా సొత్తు కాదు. అయినను చరిత్రలో ఈ వాదమెట్లు నడచినదో తెలిసికొనవచ్చును గదా యని కొన్ని మాసములు చదివితిని. ఆ బాలునికి నే నీయవలసిన ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. భూమి గోళమను మాట పాశ్చాత్యులు తెచ్చినదనియు, మన పూర్వులందఱును భూమిని బల్లపరుపుగనే భావించిరనియు తలచువారు కలరు. అది సరికాదు. మేరువును, ద్వీపములను, సముద్రములను వలయములుగ వర్ణించు పౌరాణిక భూవర్ణన ఒకటి మనకు కలదు. దానికి ప్రక్కనే జ్యోతిస్సిద్ధాంతుల భూగోళమును కలదు. క్రీ.శ. 499 నాటి గణితమును చెప్పిన ఆర్యభటుడు, కదంబపుష్పపు గుండుచుట్టును పూరేకులున్నట్లు భూగోళముచుట్టును ప్రాణులున్నవని పోల్చెను. చంద్రగ్రహణమునకు భూచ్ఛాయయే కారణమని చెప్పెను. అటుపిమ్మట లల్లుడు, భూమి సమతలమైనచో దూరమందలి తాడిచెట్టువంటి పొడవైన చెట్లు ఏల కానరావని ప్రశ్నించెను.

1150లో భాస్కరాచార్యులు రచించిన సిద్ధాంత శిరోమణియందలి గోళాధ్యాయమున ఈ చర్చ మిక్కిలి చక్కగా నున్నది. భూమి అద్దమువలె చదునైనచో, దానిపై ఎంతో యెత్తున తిరుగు సూర్యుడు మనకెల్లవేళలను ఏల కనబడడు? మేరువు అడ్డమువచ్చుటచే రాత్రి యగునందురా, ఆ బంగారుకొండయే మనకు నడుమ కనబడవలెను గదా! భూమిని మోయు ఆధారమొకటి కలదందురా, ఆ ఆధారమున కాధారమేది? ఇవి ఆయన ప్రశ్నలు. మఱి నేల చదునుగా తోచుటకు కారణమేమి? వృత్తపరిధిలో నూఱవవంతు సరళరేఖవలెనే యుండును. భూమి మిక్కిలి పెద్దది, మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు. కావున అతనికి కనబడునంత మేర చదునుగనే తోచును. ఈ సమాధానమున నన్నాకర్షించిన దొకటి కలదు. ఎదిరివాని కన్నులు అబద్ధము చెప్పుచున్నవని ఆయన యనలేదు. ఆ కన్నులు చూచినది నిజమే. దానినుండి తీసిన నిర్ణయము తప్పు అనెను.

ఈ గోళాధ్యాయమే ఏడువందల యేండ్లకు పిమ్మట ఒక పాఠశాలలో ప్రాణము పోసికొనెను. 2000వ సంవత్సరము నవంబరు 1వ తేది వఱకు మన భిలాయి మధ్యప్రదేశ్ లోనిదే గదా. ఆ రాష్ట్రమందు భోపాలునకు చేరువనే సీహోరు కలదు. అచ్చట లాన్సిలాట్ విల్కిన్సన్ అను ఆంగ్లోద్యోగి సంస్కృత పాఠశాలను పోషించుచు, భూగోళమును బోధించుటకు యూరపు గ్రంథములతో గాక భాస్కరునితో ఆరంభింపవలెనని నిశ్చయించెను. తమ యాచార్యుడు చెప్పిన యుక్తిని పండితులు వినక తప్పదనియు, అది గ్రహించినచో కోపర్నికస్ మతము వఱకు త్రోవ సుగమమగుననియు ఆయన తలంపు. 1834లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ విషయమై వ్రాసెను. ఆ పాఠశాల పండితుడైన సుబాజీ బాపు మరాఠీలోను, ఓంకారభట్టు హిందీలోను గ్రంథములు వ్రాసి, పురాణ సిద్ధాంత నవీన మతములను మూటిని ఎదురెదురుగ నిలిపి చర్చించిరి. విల్కిన్సన్ 1841లో మరణించెను. ఆయన చేసిన గోళాధ్యాయానువాదము, ఆ పాఠశాలలోనే చదివిన బాపూదేవశాస్త్రి పరిష్కరింపగా 1861లో వెలువడెను.

మన తెలుగునేలయందును ఇట్టి ఘట్టమొకటి కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన సీమ మీదుగ సాగినది. ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరునందును, మద్రాసు నక్షత్రశాలాధ్యక్షుడు పాగ్సన్ మచిలీపట్టణమునందును యంత్రములు నెలకొల్పిరి. అదే నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వచ్చి దానిని పరిశీలించెను. 1874 డిసెంబరునందలి శుక్రగ్రస్త సూర్యబింబమును గూర్చి ఆయన సంభాషణ రూపమున ఒక చిన్నపుస్తకమును ప్రకటించి, పంచాంగ గణితమును ఆకాశముతో సరిచూచుకొనవలెనని వాదించెను. ఉగాదినాడు మనము వినిన పంచాంగమే తీసికొనుడు. గ్రహణ గణితమునకు భూచ్ఛాయ కావలెను. ఊరూరికి మారు సూర్యోదయమునకు అక్షాంశము కావలెను. భూమిని గోళముగా గ్రహింపక ఈ సిద్ధాంత గణితము అడుగు సాగదు. మన పూజగదిలోనే భూగోళమున్నది. మనము దానిని చూచుట లేదు.

ఇంతవఱకు చెప్పినది చరిత్ర. కాని బాలుడడిగినది చరిత్ర కాదు, ప్రమాణము. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. ఆర్యభటుడు చెప్పెననుట శబ్దప్రమాణము. ఆతడు ఆప్తుడని ఒప్పుకొన్నవానికే అది చెల్లును. "పుస్తకములో నున్నది చదువుకొనుము" అను తండ్రి మాటయు శబ్దమే, ఫోనులోని ప్రసంగమును శబ్దమే. ఒక శబ్దమును మఱియొక శబ్దముతో కొట్టుట వాదము కాదు, కలహము. కావున అనుమానమును ఆశ్రయింపవలెను. అందును హేతువు దోషరహితమై యుండవలెను.

ఇచ్చట నేనును మొదట పొరబడితిని. రెండూళ్ళలో ఒకే మధ్యాహ్నమున నాటిన రెండు కఱ్ఱల నీడలు వేఱువేఱు పొడవులుగ నుండుటయే భూమి గుండ్రనగుటకు నిదర్శనమని మన పాఠ్యపుస్తకములలో చదివితిమి. గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు భూపరిధిని అట్లే కొలిచెను. కాని చైనాదేశపు ప్రాచీన గ్రంథమగు చౌపీ యందు అట్టి నీడలనే గైకొని, భూమి చదునైనదే యనుకొని, సూర్యుని యెత్తు ఎనుబదివేల లీలని గణించిరి! సూర్యుడు మిక్కిలి దూరముననున్నచో నీడల భేదమునకు కారణము భూమి వంపు. సూర్యుడు చేరువనున్నచో కారణము ఆ చేరువయే. రెండు పక్షములకును సమానముగ చెల్లు హేతువును మన తార్కికులు సవ్యభిచారమందురు. అది ఏ పక్షమును సాధింపదు. బాలుడు నన్ను గెలిచినచో ఇచ్చటనే గెలిచియుండును.

రెండూళ్ళు చాలవు, మూడూళ్ళు కావలెను. ధ్రువనక్షత్రమును గైకొందము. ఢిల్లీలో అది దిక్చక్రమునకు పైన సుమారు 28.6 అంశల యెత్తున నుండును, భిలాయిలో 21.2 అంశలు, తిరుపతిలో 13.6 అంశలు. ఢిల్లీనుండి భిలాయికి 7.4 అంశలు తగ్గినది. భిలాయినుండి తిరుపతికి 7.6 అంశలు తగ్గినది. భూమి గోళమై, నక్షత్రము మిక్కిలి దూరముననున్నచో, ఉత్తర దక్షిణముగ ఈ రెండు దూరములును ఇంచుమించు సమానముగ నుండవలెను. భూమి చదునై, నక్షత్రము ఉత్తరమున ఒకచోట పైన వ్రేలాడు దీపమైనచో, త్రికోణమితి ప్రకారము భిలాయి తిరుపతుల యెడము ఢిల్లీ భిలాయిల యెడమునకు రెండింతలకు మించి యుండవలెను. అనగా మొదటిది 820 కిలోమీటర్లైన, రెండవది 1,700కు పైబడవలెను. నిజమునకు అది సుమారు 840 మాత్రమే. ఇది ఉభయపక్షములకు చెల్లు హేతువు కాదు. ఒక పక్షమును నిలిపి రెండవదానిని తోసివేయును. పైగా 7.6 అంశలకు 840 కిలోమీటర్లైనచో 360 అంశలకెంతయో త్రైరాశికము చేసిచూచిన, దాదాపు 40,000 కిలోమీటర్లు వచ్చును. భాస్కరుడు చెప్పిన పద్ధతియు ఇదియే. ఉజ్జయిని భూమధ్యరేఖనుండి పరిధిలో పదునాఱవవంతు దూరమున నున్నదని ఆయన గణన.

"ఆ దూరములను కొలిచినదెవరు?" అని బాలుడడుగవచ్చును. అడుగవలెను గూడ. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ నెలలో మద్రాసు చెంత పరంగికొండవద్ద ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను నూఱడుగుల ఉక్కుగొలుసుతో కొలిచెను. వేడిమికి ఉక్కు సాగును. నూఱు మీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీ వేడిమికి మిల్లీమీటరునకు కొంచె మెక్కువగ పెరుగునని, పట్టాలు తయారుచేయు మన భిలాయి వారికి నేను చెప్పనక్కఱలేదు. అందుచే గొలుసు ప్రక్కన ఉష్ణమాపకములనుంచి, ప్రతి కొలతకును ఆ సవరణను చేర్చిరి. ఆ రేఖనుండి కొండకొండకు త్రికోణములల్లుచు, మన గుత్తివద్దను, బీదరువద్దను మఱల ఆధారరేఖలు కొలిచి సరిచూచుకొనుచు, కన్యాకుమారి చెంతనుండి బీదరు సీమలోని దామరగిద్ద వఱకు దాదాపు పది అంశల మేర ఉత్తరముగ సాగిరి. పెద్ద త్రికోణములందు మూడు కోణముల మొత్తము 180 అంశలకు కొంచె మెక్కువగుననియు, సుమారు 196 చదరపు కిలోమీటర్లకు ఒక వికల చొప్పున ఆ యధికము పెరుగుననియు వారు గణింపవలసివచ్చెను. చదునైన నేలమీద ఇట్టి యధికమున కవకాశమే లేదు.

ఈ పని పూవుల బాట కాదు. కృష్ణా గోదావరుల నడిమి యడవులలో జ్వరపీడితుడై జార్జి ఎవరెస్టు కొంతకాలము దేశము విడిచి పోవలసివచ్చెను. లాంబ్టన్ 1823 జనవరిలో నాగపురమునకు పోవుచు హింగన్‌ఘాట్‌లో ప్రాణములు విడిచెను. నాగపురమునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున ఆ స్టేషను మన కగపడుచునే యుండును. మనలో నెందఱో నిద్రలో దాటిపోవుచుందురు. ఆప్తుడనగా ఎవరో నాకిచ్చట బోధపడినది. కొలిచినది చెప్పి, ఎట్లు కొలిచెనో చెప్పి, తన దోషముల సవరణలనుగూడ బయటపెట్టి, ఇతరులను మఱల కొలువుమనువాడే ఆప్తుడు. అట్టివాని శబ్దమును నమ్ముట గ్రుడ్డినమ్మిక కాదు.

అయినను ప్రమాణము ఎదుటనుంచిన మాత్రమున వాదము తీరునా? 1870లో ఇంగ్లండునందు జాన్ హాంప్డెన్ అను బల్లపరుపువాది, భూమి వంపును చూపినవారికి ఐదువందల పౌనుల పందెము వేసెను. జీవశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ దాని నంగీకరించెను. ఆఱుమైళ్ళు తిన్నగ పాఱు బెడ్ఫర్డు కాలువపై, నీటికి సమానమైన యెత్తున దూరదర్శినిని, నడుమ ఒక గుఱుతును, కొనయందొక గుఱుతును ఉంచిరి. నడిమి గుఱుతు ఐదడుగులకు పైగ ఎత్తుగా కనబడెను. అంతకుమునుపు అదే కాలువలో నీటికి ఎనిమిది అంగుళముల యెత్తున కన్నుంచి చూచినవా డొకడు, దూరపు పడవ కనబడినదనియు, భూమి చదునే యనియు వ్రాసియుండెను. నీటిని అంటియున్న గాలిలో కాంతి వంగుట అతడు లెక్కింపలేదు. వాలెస్ ఎత్తున నిలిపి ఆ దోషమును తగ్గించెను. మధ్యవర్తి వాలెస్ గెలిచెననెను. హాంప్డెన్ పక్షపు సాక్షి మాత్రము అదే దూరదర్శినిలో అదే దృశ్యమును చూచి, భూమి చదునని తేలినదనెను! పిమ్మట ఏండ్ల తరబడి హాంప్డెన్ దూషణ లేఖలు వ్రాసి చెఱసాలకుగూడ పోయెను. పందెములు చట్టరీత్యా చెల్లవని న్యాయస్థానము తీర్మానింపగా వాలెస్ సొమ్మును తిరిగి యీయవలసివచ్చెను. నిజము వాలెస్‌ది, నష్టమును వాలెస్‌దే.

ఇందు గ్రహింపవలసినది రెండు ముక్కలు. మొదటిది, ఏది కనబడినచో నేనోడితినని ఒప్పుకొందును అను మాట కొలతకు ముందే ఇరుపక్షములవారును చెప్పుకొనవలెను. ఆ మాట చెప్పనివానితో వాదమునకు దిగరాదు. రెండవది, ఆ మాట చెప్పుటకు సిద్ధముగనున్నవానిని ఎన్నడును గద్దింపరాదు. హాంప్డెన్ వేఱు, మా పొరుగింటి బాలుడు వేఱు. ఆతడు పందెమునకు రాలేదు, తెలిసికొనుటకు వచ్చెను. మనమందఱమును నవ్వి అతనిని ఫోనువైపునకే త్రోసితిమి. అచ్చట అతనిని చూచి నవ్వువారు లేరు.

ఈ విషయమంతయు మొన్న అతనికి చెప్పితిని; ఆనాడు నవ్వినందుకు మన్నింపుమనియు అంటిని. అతడు సావధానముగ విని, "బాబాయిగారూ! మీరు చెప్పిన అంశలుగూడ శబ్దమే గదా?" అనెను. నాకెంతయో ఆనందమైనది. ఈ సెలవులలో వారి కుటుంబము తిరుపతి యాత్రకు పోవుచున్నది. కోణమానిని, దారము, చిన్న గుండు – ఇంతే కావలసిన సామగ్రి. ధ్రువతార ఖగోళ ధ్రువమునకు ఒక అంశలోపు దూరమున తిరుగును గావున, కొలది దినముల యెడములో రాత్రి ఒకే వేళకు రెండుచోట్లను చూడవలెనని అతనికి చెప్పితిని. ఇచ్చటి కొలత పూర్తియైనది. మేడపై నిలిచి ఇరువురమును కలిసియే చూచితిమి. మాకు వచ్చినది ఇరువదిరెండు అంశలు. అంశకు కొంచెము తక్కువ భేదము మా చేతి వణకుదని వ్రాసికొంటిమి. అతని తండ్రియు మేడమీదికి వచ్చి, దారము పట్టుకొని నిలిచెను.