మహోగని బల్ల మీది మెరుగు: రాబర్ట్ రాబర్ట్స్, 1827

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బాస్టన్‌కు పడమటనున్న వాల్థమ్‌లో గోర్ ప్లేస్ అనే ఇటుక భవనం ఉంది. తరువాతి కాలంలో ఆ రాష్ట్రానికి గవర్నరైన క్రిస్టఫర్ గోర్, ఆయన భార్య రెబెకా 1806లో దాన్ని కట్టించుకున్నారు. దాని గురించి రాసినవారు మెలి తిరిగే మెట్లనూ, అండాకారపు గదినీ మెచ్చుకుంటారు. అవన్నీ రోజూ ఎవరు, దేనితో తుడిచారన్న ప్రశ్న వాస్తు చరిత్రలో అరుదు. ఈ ఇంటి విషయంలో మాత్రం జవాబు దొరుకుతుంది. ఆ పని తెలిసినవాడే దాని గురించి పుస్తకం రాశాడు.

రాబర్ట్ రాబర్ట్స్ నల్లజాతీయుడు, గోర్ దంపతుల ఇంట బట్లర్. ఆయన రాసిన ‘ది హౌస్ సర్వెంట్స్ డైరెక్టరీ’ 1827లో, గోర్ మరణించిన ఏడాదే, బాస్టన్‌లో అచ్చయింది. అమెరికాలో వ్యాపార ప్రచురణకర్తల ద్వారా వెలువడిన ఆఫ్రికన్ అమెరికన్ల తొలి పుస్తకాలలో అదొకటి. జోసెఫ్, డేవిడ్ అనే ఇద్దరు యువకులకు చెబుతున్నట్టు సాగే ఆ పుస్తకంలో దీపాలు, కత్తులు, వెండి పాత్రలు, మహోగని సామాను శుభ్రపరిచే పద్ధతులున్నాయి. వేకువనే లేవడం వల్ల కలిగే మేలును ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. ఇంటివారు మేడ దిగేలోగా మురికి పని ముగియాలి. ఇది యజమానురాలు పనివారికి ఇచ్చిన ఆజ్ఞల పట్టిక కాదు. ఒక నిపుణుడు తన వృత్తిని తరువాతి తరానికి అప్పగించడం.

ఆ వృత్తిగౌరవం ఇంటి గడప దగ్గరే ఆగలేదు. ఆయన కొడుకు బెంజమిన్ తన చిన్నారి కూతురు సారాను తెల్లపిల్లల బడిలో చేర్చుకోనందుకు బాస్టన్ నగరంపై దావా వేశాడు. చార్లెస్ సమ్నర్, రాబర్ట్ మోరిస్ వాదించినా కేసు ఓడిపోయింది. ఆ తీర్పునే 1896లో ప్లెస్సీ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరించింది. అయితే మసాచుసెట్స్ శాసనసభ 1855లోనే బడులలో వర్ణవివక్షను నిషేధించింది.

తిరిగి బల్ల దగ్గరకు వస్తే, ఆ రోజుల్లో శుభ్రతంటే మసితో నిత్యయుద్ధం. గదికొక నిప్పుగూడు, తిమింగలం నూనెతో వెలిగే దీపాలు. అందుకే రుద్దడం, నూనె పట్టించడం, మళ్ళీ రుద్దడం. నేటి సంరక్షకుల లెక్క దీనికి దాదాపు తలకిందులు: ప్రతి శుభ్రతా కొంత అరుగుదలే, కనుక అవసరమైనంతే చెయ్యాలి. వెండిని తోమిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది. ఆనాడు చెక్కకు విరివిగా పట్టించిన అవిసె నూనె ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడి, గట్టిపడి, వదిలించరాని పొరవుతుంది. లక్కపూత ఆల్కహాలుకు కరుగుతుంది. కొన్ని రకాల బంగారు పూతకు తడిగుడ్డ చాలు, లేచిపోతుంది. పాలరాయికి ఆమ్లం శత్రువు. ఇత్తడి బిందెను తళతళలాడించే మన చింతపండు పాలరాతి మీద పడితే రాయినే తింటుంది. (ఘాటైన వెనిగర్‌ను ‘సహజమైనది’ అని అమ్మేవారు ఈ సంగతి చెప్పరు.) అందుకే మెత్తని కుంచెతో దుమ్మును లేపి, తక్కువ పీల్పుతో నడిచే వాక్యూమ్ గొట్టానికి వల కట్టి పట్టుకుంటారు. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో రంగు పెచ్చులూడుతుంటే సంగతి మరీ తీవ్రం. అందులో సీసం ఉండవచ్చు, పొడి చీపురు దాన్ని గాలిలోకి లేపుతుంది.

ఇంతకీ ‘అసలు ఉపరితలం’ అంటే ఏమిటి? వడ్రంగి దుకాణం నుంచి వచ్చిననాటి చెక్క మీద ఇప్పుడు కనిపించే లోతైన మెరుపు లేదు. అది మైనం, నూనె, గుడ్డ, అరచేయి తరతరాలుగా చేర్చినది. దాన్ని ‘మురికి’ అని పూర్తిగా గీకేస్తే పోయేది పొర మాత్రమే కాదు. పేర్లు మిగలని ఎందరో పనివారి శ్రమకు మిగిలిన ఏకైక దస్తావేజు కూడా. రాబర్ట్స్‌కు పుస్తకం ఉంది, మిగతావారికి అదీ లేదు.

గోర్ ప్లేస్‌ను 1935లో కూల్చివేత నుంచి తప్పించి, ఒక సంఘం కొని కాపాడింది. అలాంటి ఇంట ఏ మరకనైనా ముట్టుకునే ముందు, సంరక్షకులు ఎవరికీ కనబడని మూలను ఎంచుకుని, దూది చుట్టిన పుల్లను తడిపి ఒక్కసారి దొర్లిస్తారు. దూదికి అంటినది మసా, రంగా అని వెలుతురులో చూస్తారు. రంగైతే పుల్ల పక్కన పెట్టేస్తారు, మరక అలాగే ఉంటుంది.