పిండిపదార్థాలు తగ్గించి కొవ్వు పెంచే పథ్యం: పేగు వ్యాధుల చికిత్సలో చరిత్ర

ఏళ్ల తరబడి వేధించే విరేచనాలు, కడుపుబ్బరం, పేగుల వాపు వంటి బాధలకు అన్నం, రొట్టె, దుంపలు, చక్కెర బాగా తగ్గించి, ఆ లోటును వెన్న, గుడ్లు, మాంసం, మీగడలతో పూడ్చే పథ్యం ఇది. బరువు తగ్గడానికి పాటించే కీటో ఆహారానికి దగ్గరి చుట్టమే గానీ, దీని పుట్టుక వేరు. ఇక్కడ వైద్యుల దృష్టంతా పిండిని తీసేయడం మీదే ఉండేది. కొవ్వు చాలాకాలానికి గానీ రంగంలోకి రాలేదు.

అమెరికా అంతర్యుద్ధ కాలపు వైద్యుడు జేమ్స్ సాలిస్‌బరీ సైనికుల విరేచనాలకు కారణం పిండి, కూరగాయలు కడుపులో పులియడమేనని నమ్మాడు. కొవ్వు, పీచు ఏరేసిన గొడ్డుమాంసం ఖైమా, వేడినీళ్లు ఆయన మందు. ఆ పద్ధతిని వివరిస్తూ 1888లో పుస్తకం వేశాడు. వైద్యం మరుగున పడింది, సాలిస్‌బరీ స్టేక్ అనే వంటకం మాత్రం మిగిలింది. అదే ఏడాది లండన్‌లో శామ్యూల్ గీ సీలియాక్ అనే పేగు వ్యాధిని వర్ణిస్తూ, నయమైతే ఆహారంతోనే కావాలన్నాడు. పిండి వంటకాలతోపాటు బియ్యాన్నీ నిషేధించాడు. బియ్యం ఆ రోగానికి నిరపాయమని తేలడానికి అరవై ఏళ్లు పట్టింది.

న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ 1924లో సీలియాక్ పిల్లల కోసం అరటిపండ్ల పథ్యం ప్రకటించాడు. రొట్టె, బంగాళాదుంప వద్దు, పండ్లలోని చక్కెర ఫరవాలేదన్నాడు. చావుబతుకుల్లో ఉన్న పిల్లలు కోలుకున్నారు. ఆయన అరటిని మెచ్చుకున్నాడు గానీ, నిజంగా మేలు చేసింది గోధుమ మానడం. డచ్ వైద్యుడు విల్లెమ్ డిక్కె 1950 నాటి తన పరిశోధన గ్రంథంలో గోధుమను దోషిగా నిలబెట్టాక కూడా హాస్ తన సిద్ధాంతాన్ని వదల్లేదు. హాస్ వైద్యంతో పెద్దపేగు పుండ్ల నుంచి కోలుకున్న ఒక బాలిక తల్లి ఎలైన్ గోట్‌షాల్ 1987లో రాసిన పుస్తకం ఆ పథ్యానికి మళ్లీ ప్రాణం పోసింది.

కొవ్వుకు పెద్దపీట వేసినవాడు ఆస్ట్రియా వైద్యుడు వోల్ఫ్‌గాంగ్ లుట్జ్. 1967 నాటి పుస్తకంలో పిండిపదార్థాలను రోజుకు 72 గ్రాములకు పరిమితం చేసి, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు వ్యాధులున్న రోగులకూ అదే సూచించాడు. ఆయన ఆధారాలు సొంత రోగుల అనుభవాలే.

పేగుల్లో జీర్ణం కాని కొన్ని పిండిపదార్థాలు నీటిని లాగుతాయి, బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. విరేచనాలతో కూడిన ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) రోగులపై ఉత్తర కరొలినా పరిశోధకులు 2009లో పిండి బాగా తగ్గించిన పథ్యాన్ని పరీక్షించారు. రోజుకు 20 గ్రాముల పిండిపదార్థాలతో నాలుగు వారాలు గడిపిన 13 మందిలో 10 మందికి ప్రతి వారమూ ఉపశమనం దక్కింది. చిన్న అధ్యయనం, పైగా పోల్చిచూడటానికి వేరే బృందం లేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సుమారు 300 మంది ఐబీఎస్ రోగులతో జరిపి 2024లో వెలువరించిన పరీక్షే గట్టిది. ఫాడ్‌మ్యాప్‌లు (పేగుల్లో సులువుగా పులిసే కొన్ని పిండిపదార్థాలు) తగ్గించిన పథ్యంతో 76 శాతం, పిండి తగ్గించినవారిలో 71 శాతం, మందులతో 58 శాతం మెరుగుపడ్డారు. ఏళ్ల తరబడి పాటిస్తే ఏమవుతుందో ఈ స్వల్పకాలిక పరీక్ష చెప్పదు.

తెలుగు రాష్ట్రాల్లో వీరమాచనేని రామకృష్ణ పథ్యం కొబ్బరినూనెను ఇంటింటి చర్చగా మార్చింది, కానీ దాని గురి బరువు, షుగర్. అందరి పేగులూ కొవ్వును ఒకేలా భరించవు, కొందరికి అదే విరేచనాలు పెంచుతుంది. ఇంకో మాట: గోధుమ మానేశాక చేసిన సీలియాక్ రక్తపరీక్ష రోగం ఉన్నా లేదని చూపవచ్చు. పథ్యం మొదలుపెట్టకముందే ఆ పరీక్ష చేయించుకోవాలి.