ఒకే రికార్డు – రెండు శ్రుతులు

జపాను దేశమున ఒసాకా నగరములో ఒక పాతకాలపు గ్రామఫోను ఉన్నదనుకొందము. ఇంటి విద్యుత్తుతో నడచు ఆ యంత్రమును టోక్యోకు కొనిపోయి, అదే రికార్డును వేసినచో పాట నెమ్మదించును. గాయకుని గొంతు దిగిపోవును. రికార్డు చెడలేదు, యంత్రమును చెడలేదు. రెండు నగరములందును ఇండ్లకు వచ్చు విద్యుత్తు 100 వోల్టులదే. మరి లోపమెక్కడ?

దీనికి సమాధానము పందొమ్మిదవ శతాబ్దపు చివర జరిగిన రెండు కొనుగోళ్లలో దొరకును. 1895లో టోక్యో విద్యుద్దీప సంస్థ జర్మనీలోని ఏ.ఇ.జి. కంపెనీ జనరేటర్లను కొనెను. అవి సెకనుకు 50 ఆవర్తనముల విద్యుత్తు నిచ్చునవి. 1897లో ఒసాకా సంస్థ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యంత్రములను తెప్పించెను. వాటి పౌనఃపున్యము 60. ఆనాడు ఈ రెండు నగరముల తీగలు ఎక్కడను కలియవు గనుక ఈ భేదము ఎవరికిని అడ్డు కాలేదు. తీగలు వ్యాపించి చేరువగునప్పటికి ఇరువైపుల లెక్కలేనన్ని యంత్రములు వెలసినవి. వానినన్నిటిని మార్చుట మోయరాని వ్యయము. అందుచే నేటికిని ఫూజీ నది మొదలు ఇతోయిగావా వరకు గల సరిహద్దునకు తూర్పున 50, పడమట 60 ఆవర్తనములు నిలిచియున్నవి.

పాత గ్రామఫోనులు అనేకములందు సింక్రొనస్ మోటారు ఉండెడిది. దాని వేగమును నిర్ణయించునది వోల్టులు గాదు, పౌనఃపున్యము. నాలుగు ధ్రువముల మోటారు 60 ఆవర్తనముల వద్ద నిమిషమునకు 1800 చుట్లు, 50 వద్ద 1500 చుట్లు తిరుగును. కావున ఒసాకాలో 33⅓ చుట్లు తిరిగిన రికార్డు టోక్యోలో సుమారు 27.8 చుట్లే తిరుగును. ఇరువది నిమిషముల పాట ఇరువదినాలుగు నిమిషములగును. సాధారణ గాంధారమునకును షడ్జమునకును నిష్పత్తి 6:5 గనుక, గాయకుడు ఆ గాంధారము పాడిన చోట మనకు షడ్జమే వినిపించును!

తయారీదారులు దీనికి సులభోపాయము కనుగొనిరి. మోటారు ఇరుసునకు తగిలించు చిన్న కప్పీని రెండు పరిమాణములలో చేసిరి. 50 ఆవర్తనముల చోట వాడు కప్పీ వ్యాసము 6:5 నిష్పత్తిలో పెద్దది. మన దేశమునను విద్యుత్తు 50 ఆవర్తనములదే. అమెరికానుండి ఇట్టి గ్రామఫోనును తెచ్చుకొన్నవారు ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టులను సరిచేయగలరు గాని, పౌనఃపున్యమును సరిచేయలేరు. వారికిని కప్పీయే శరణ్యము. తరువాత 1970లో మత్సుషితా కంపెనీ వెలువరించిన టెక్నిక్స్ ఎస్.పి.-10 వంటి యంత్రములలో మోటారు వేగమును ఎలక్ట్రానిక్ వలయమే అదుపుచేయుటచే పాటకు ఈ చిక్కు వదలెను.

అయితే దేశమునకు వదలలేదు. 2011 మార్చి 11న సంభవించిన భూకంపము, సునామీల వలన తూర్పు జపానులో అనేక విద్యుత్కేంద్రములు ఆగిపోయి, టోక్యో పరిసరములలో వంతులవారీగా సరఫరా నిలిపివేయవలసివచ్చెను. పడమటినుండి విద్యుత్తును రప్పింపవలెనన్న పౌనఃపున్యమును మార్చు కేంద్రముల ద్వారానే రావలెను. వాటి శక్తి అప్పటికి సుమారు 10 లక్షల కిలోవాట్లు మాత్రమే. 2021 నాటికి దానిని 21 లక్షలకు పెంచిరి.

గ్రామఫోను దోషమునకు ఒక కప్పీ చాలెను. దేశపు దోషమునకు నూరేండ్లకు పైబడియు పూర్తి పరిహారము దొరకలేదు. కొలతలను, ప్రమాణములను ఆదిలోనే కూడబలుకుకొనుట ఎంత అవసరమో ఈ చరిత్ర తెలుపుచున్నది.